సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకునే "మినీ ఏసీ" కొనబోతున్నవారికి హెచ్చరిక

ఇంట్లో వ్యాయామ సైకిల్ తొక్కేవారి ఫోన్లలో ఈ వేసవంతా తిరుగుతున్న ఆ "మినీ ఏసీ" ప్రకటనను మీరూ చూసే ఉంటారు. మీట నొక్కగానే తెల్లటి మంచు పొగ రావడం, తొక్కుతున్న అమ్మాయి ఒక్క చెమట చుక్క కూడా లేకుండా నవ్వడం అందులోని విశేషాలు. విశాఖపట్నంలో పుట్టి పెరిగి, ఇక్కడి ఉక్కపోత ఎలాంటిదో ఒకరు చెప్పాల్సిన అవసరం లేకపోయినా, ఆ నవ్వుకు 2,499 రూపాయలు సమర్పించుకున్న మహానుభావుణ్ని నేను.

పెట్టెలో కంప్యూటరులో ఉండేంత చిన్న ఫ్యాను, దాని వెనుక నీళ్లు పీల్చే అట్టలాంటి ప్యాడు, అరలీటరు తొట్టి, రంగులు మార్చే దీపం ఉన్నాయి. తొక్కుడుకు హ్యాండిల్ ఊగినప్పుడల్లా తొట్టిలోని నీళ్లు ఒలికి సైకిల్ మీటరు మీద పడ్డాయి. కాసేపటికి గది చల్లబడకపోగా ఒళ్లంతా జిగటగా తయారై, అది ఆపాకే ఊపిరి ఆడినట్టయింది.

వాపసు కోసం ఫోన్ చేస్తే, అవతలి వ్యక్తి అతి మర్యాదగా, "ఏసీ అని మేమెక్కడ అమ్మాం సార్, బిల్లు చూసుకోండి" అన్నాడు. చూస్తే నిజంగానే ప్రకటనలోని పేరు బిల్లులో లేదు; "యూఎస్‌బీ హ్యూమిడిఫైయర్ ఫ్యాన్" అని ఉంది. అంటే గాలిలో తేమను పెంచే యంత్రాన్ని, తేమతోనే అల్లాడుతున్న సముద్రతీరపు మనిషికి చల్లదనం పేరుతో అంటగట్టారన్నమాట. గది మరింత ఉక్కగా మారిందని నేను చెబితే, "తేమ వస్తోందని మీరే అంటున్నారు కదా సార్, వస్తువు చక్కగా పనిచేస్తున్నట్టే, పాడైతేనే మారుస్తాం" అన్నాడు. చివరగా, "చెమట పట్టకూడదనుకుంటే తొక్కడం మానేయండి సార్" అని ఉచిత సలహా పారేసి ఫోన్ పెట్టేశాడు. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే ఇప్పటికీ మండిస్తోంది.

రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడికి ఎదురుగాలే చెమటను ఆరబెడుతుంది. గదిలో సైకిల్ కదలదు కనుక ఆ గాలి ఉండదు. పెడల్ మీద 120 వాట్ల పని చేసే మనిషి ఒంట్లోంచి సుమారు 400 వాట్ల వేడి బయటకు రావాలి, అందులో ఎక్కువ భాగాన్ని మోసుకుపోవలసింది ఆవిరయ్యే చెమటే. గాలి ముందే తేమతో నిండి ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. పొడిగాలి వీచే అనంతపురంలో, కిటికీలు తెరిచి పెద్ద కూలర్ వేసుకుంటే అర్థముంది గానీ, మా ఊళ్లో తలుపులు మూసిన గదిలో ఈ డబ్బా పెట్టడం పుండు మీద కారం చల్లడమే. ఫోన్ ఛార్జరుతో నడిచే ఇలాంటి పరికరంలో, గదిలోని వేడిని బయటికి తోడటానికి కావలసిన కంప్రెసర్ ఉండదు, కంప్రెసర్ లేనిది మనం ఇళ్లలో వాడే ఏసీ కాదు. ఈ సంగతి తెలిసే ఆ పేరు పెట్టి అమ్ముతున్నారు కాబట్టి దీన్ని పొరపాటు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. ప్రకటన స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉండబట్టి ఆ పేరుకూ బిల్లులోని పేరుకూ ఉన్న తేడాను చూపగలిగాను. మీరు ఏది కొన్నా ప్రకటనను ముందే దాచిపెట్టుకోండి, డబ్బు కట్టేముందు వివరాల్లో అడుగున చిన్న అక్షరాల్లో వస్తువు రకం ఏమని రాశారో చదవండి. ఇక చల్లదనం మాటకొస్తే, ఇంట్లో ఉన్న మామూలు స్టాండు ఫ్యానునే ఎదురుగా ఛాతీ ఎత్తున పెట్టి, తేమ బయటికి పోయేలా కిటికీ తెరిచి తొక్కుతున్నాను. చెమట పడుతోంది, కానీ ఆరుతోంది.