ఒక్క చెవితో విన్న 'అబ్‌స్క్యూరా'

గోర్‌గట్స్ 'అబ్‌స్క్యూరా' వినడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లు దాటింది. బ్యాండ్ కెనడాలోని క్యుబెక్‌దని, ఆల్బమ్ 1998లో వచ్చిందని డెత్ మెటల్ అనే ఈ కర్కశమైన రాక్ సంగీతం వినేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది అందులోని రెండు గిటార్ల సంగతి.

మొదట్లో నాకు రెండని తెలియనే తెలియదు. మొదటి పాట మొదలవగానే ఇనుప గేటును సిమెంటు నేల మీద ఈడ్చినట్టు ఒక కీచు. దాని కింద ఇంకేదో బరువుగా దొర్లుతుంటుంది. అంతా కలిసి గోడలా మీద పడేది. ఆ బరువే నచ్చింది. ఎవరికైనా వినిపిస్తే "అర్థం చేసుకోవాలని చూడకు, మీద పడనివ్వు చాలు" అనేదాన్ని.

ఒకరోజు ఉప్పల్‌లో మెట్రో ఎక్కుతుంటే ఇయర్‌ఫోన్ వైరు బ్యాగు జిప్పులో ఇరుక్కుంది. కంగారులో లాగేశాను. కుడివైపు మూగబోయింది. నెలాఖరు రోజులు, కొత్తవి కొనడం కుదరలేదు. మూడు వారాలు ఎడమ చెవితోనే విన్నాను.

మొదటి రోజు చిరాకేసింది. మూడో రోజుకి చెవి నిలబడిపోయింది. వేరే బ్యాండ్ల పాటల్లో చాలాసార్లు రెండు గిటార్లూ ఒకే వరస వాయిస్తాయి కాబట్టి ఒకవైపు పోయినా పాట పాటలాగే ఉంటుంది. ఇక్కడ అలా లేదు. ఒక్కో చెవికి ఒక్కో గిటార్, దేని వరస దానిదే. పక్కింటావిడ ఫోన్లో మాట్లాడుతుంటే మనకు ఈవైపు మాటలే వినపడతాయే, అలా ఉంది. ఓ ముక్క వాయించడం, కాసేపు ఒకే స్వరం మీద గీరుతూ ఉండటం, మళ్లీ ఎవరికో బదులిచ్చినట్టు అందుకోవడం. అవతల మనిషి ఏమంటున్నాడో తెలుసుకోవాలని మనసు లాగేసింది. జీతం పడగానే కొత్త ఇయర్‌ఫోన్లు కొన్నాను. కానీ రెండూ పెట్టుకోలేదు. వారం రోజులు కావాలనే కుడి చెవితో మాత్రమే విన్నాను.

ఆ తర్వాత రెండు చెవులతో 'క్లౌడెడ్' పెట్టాను. ఆల్బమ్‌లో ఆరో పాట, తొమ్మిదిన్నర నిమిషాలు. మిగతావి పరుగెత్తుతుంటే ఇది ఈడ్చుకుంటూ నడుస్తుంది. అందుకే అన్నాళ్లూ దాటేసేదాన్ని. ఆ రోజు హబ్సిగూడ దాటాక, ఎడమ నుంచి ఒక స్వరం, కుడి నుంచి దాన్ని ఒరుసుకుంటూ ఇంకోటి రావడం విడివిడిగా, ఒకేసారి వినిపించింది. ఒళ్లు జలదరించింది. బ్యాండ్ గిటారిస్టులు లూక్ లెమే, స్టీవ్ హర్డల్ ఈ పాటలు తయారుచేశాక, విడుదల చేసే కంపెనీ దొరక్క ఏళ్ల తరబడి ఆగాల్సి వచ్చింది. డెత్ మెటల్‌లో అందరూ వాడే ట్రెమొలో పికింగ్, అంటే ఒకే స్వరాన్ని చాలా వేగంగా పైకీ కిందకీ మీటడం, వాడకూడదని ముందే నియమం పెట్టుకున్నారు. అన్నేళ్లు ఒకే గదిలో సాధన చేసిన ఇద్దరు మాత్రమే ఒకరికొకరు ఇంత చోటు ఇచ్చుకోగలరనిపిస్తుంది నాకు. హర్డల్ 2012లో చనిపోయాడు. ఆయన గిటార్ వినపడినప్పుడల్లా అది గుర్తొస్తుంది.

కాబట్టి "మీద పడనివ్వు చాలు" అన్న నా మాట సగమే నిజం. గోడ అనుకున్నది సంభాషణ. అలాగని ఆల్బమ్ మొత్తం ఒకే ఊపుతో వింటానని చెప్పను. దాదాపు గంట నిడివి, 'క్లౌడెడ్' తర్వాత ఇంకో ఆరు పాటలు. ఎనిమిదో పాటకి వచ్చేసరికి చెవులు అలసిపోతాయి. ఆఫీసులో టెన్షన్ పడిన రోజు సాయంత్రం అసలు పెట్టను.

కొనమని చెప్పాలా అంటే, మీరు ఎలా వింటారన్నదాన్ని బట్టి ఉంటుంది. నాకు రోజూ మెట్రోలో ఒంటరిగా దొరికే సమయం ఉంది, పక్కన మాట్లాడేవాళ్లు లేరు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి స్పీకర్లలో ఎప్పుడూ పెట్టలేదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, రెండు గిటార్లూ ఒక్క ముద్దైపోతాయి. రాయదుర్గంలో దిగేటప్పటికి నాకింకా చివరి పాట మిగిలే ఉంటుంది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో, సీటు దొరికితే అది వింటాను.