జకోపానేనా, హొహోవూఫా? పోలండ్ కొండల్లో రెండు ఊళ్లు

క్రాకోవ్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లని కొండలు చూడాలంటే ఎటు వెళ్లాలని అడగండి, తడుముకోకుండా జకోపానే అంటారు. దక్షిణంగా 100 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటల పైచిలుకు. సలహా తప్పేం కాదు. కానీ అక్కడికి దాదాపు 17 కిలోమీటర్ల దూరంలో హొహోవూఫ్ అని ఒక పల్లె ఉంది. దాని పేరైనా వినకుండా తిరిగొచ్చేసేవాళ్లే ఎక్కువ. మీకు కావాల్సింది కొండలా, కొండమనుషుల ఊరా? ముందు అది తేల్చుకోండి.

కొండలకైతే జకోపానేకి పోటీ లేదు. 1936 నుంచి నడుస్తున్న కేబుల్ కార్ మిమ్మల్ని 1,987 మీటర్ల కాస్ప్రోవీ శిఖరం మీద దింపుతుంది. మోర్‌స్కే ఓకో సరస్సుకి ఒకవైపే 9 కిలోమీటర్ల దాకా నడవాలి. రోడ్డు మంచిదే కాబట్టి అమ్మానాన్నలు వచ్చినా మెల్లగా నడిచేస్తారు. గేవొంత్ శిఖరం మీద 1901లో నిలబెట్టిన 15 మీటర్ల ఇనుప శిలువ ఊళ్లోంచే కనిపిస్తుంది. ఆకాశం కాస్త మబ్బుపట్టినా అటువైపు వెళ్లకండి. 2019 ఆగస్టులో అక్కడ పిడుగులు పడి మనుషులు చనిపోయారు.

అయితే ఊరిగా చూస్తే జకోపానేలో పల్లెతనం ఎప్పుడో పోయింది. 1873లో కలరా వచ్చినప్పుడు వార్సా నుంచి వచ్చిన డాక్టర్ తితుస్ హవుబిన్‌స్కీ ఇక్కడి జనానికి వైద్యం చేశారు. ఈ కొండగాలి ఒంటికి మంచిదని పట్నంవాళ్లకి నమ్మకం కలిగించిందీ ఆయనే. ఆ తర్వాత రోగులు, కవులు, చిత్రకారులు వరసకట్టారు. 1899లో రైలొచ్చింది. ఇప్పుడు క్రుపూఫ్‌కి అనే మెయిన్ బజార్లో సీజన్‌లో అడుగు తీసి అడుగు వేయలేం. తిరుమల కొండ మీద సెలవుల రద్దీ చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదనుకోండి.

ఆ పట్నంవాళ్లలో స్తనిస్వావ్ విత్కేవిచ్ అనే చిత్రకారుడు కూడా ఉన్నాడు. ఇక్కడి కొండవాళ్లని గురాలే అంటారు. వాళ్ల దుంగల ఇళ్లు చూసి ముచ్చటపడి, అదే పద్ధతిలో డబ్బున్నవాళ్లకి విల్లాలు గీసిచ్చాడు. 1893లో పూర్తయిన కొలిబా విల్లా వాటిలో మొదటిది, ఇప్పుడది మ్యూజియం. ఆ కట్టే పద్ధతినే 'జకోపానే స్టైల్' అన్నారు. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అది చూసి రాసిన కాపీ. అసలు చూడాలంటే హొహోవూఫ్ వెళ్లాలి.

రోడ్డుకి రెండు పక్కలా దుంగల ఇళ్లు బారులు తీరి ఉంటాయి. పక్కగోడలు రోడ్డు వైపుకి, ముఖాలు ఎండ కోసం దక్షిణానికి. ఒక గోడ దగ్గరికెళ్లి చూడండి. దుంగలు ఎంత వెడల్పంటే నాలుగైదు పేరిస్తే గోడ లేచిపోతుంది. ఒకే ఒక్క ఫర్ చెట్టుతో కట్టిన ఇల్లు కూడా ఇక్కడుంది. వందేళ్లు దాటిన చెక్క నల్లబడాలి కదా, ఇవి లేత పసుపు రంగులో మెరుస్తుంటాయి. పెయింట్ కాదు. ఏటా పండగ రోజుల ముందు ఆడవాళ్లు బ్రష్షులు, సబ్బునీళ్లు పట్టుకుని గోడలు బయటివైపు మొత్తం తోమి కడుగుతారు. మనకి సంక్రాంతి ముందు సున్నాలు వేసినట్టు.

1798లో కట్టిన ఒక ఇంట్లో మ్యూజియం పెట్టారు. ఇలాంటి ఇళ్లలో రెండే గదులుంటాయి. పొయ్యి ఉండి రోజూ మసలేది నల్ల గది, చుట్టాలకీ శుభకార్యాలకీ తెల్ల గది. ఆ మ్యూజియంలో చెప్పే కథ 1846 నాటిది. అప్పట్లో ఈ ప్రాంతమంతా ఆస్ట్రియా ఏలుబడిలోని గలీషియాలో ఉండేది. ఆ ఫిబ్రవరిలో గలీషియాలో రైతులు తమ భూస్వాముల మీదే పడి నరికేస్తుంటే, ఇక్కడి కొండరైతులు మాత్రం చర్చిలో ఆర్గన్ వాయించే యాన్ ఆంద్రుషికేవిచ్ వెంట నడిచి ఆస్ట్రియా సరిహద్దు కాపలాదారుల మీద తిరగబడ్డారు. కొద్ది రోజుల్లోనే అణచివేశారు, నాయకులు జైలుకెళ్లారు. చరిత్ర పుస్తకంలో ఒక పేరా కూడా దక్కని తిరుగుబాటే కావచ్చు. ఊరివాళ్లకి మాత్రం అదే పెద్ద కథ.

హొహోవూఫ్‌లోనూ చికాకులు లేకపోలేదు. స్లొవాకియా వైపు రోడ్డు ఊరి మధ్య నుంచే పోతుంది, ఫొటో తీస్తుంటే వెనక బండ్లు రయ్యిమంటాయి. ఇళ్లలో జనం కాపురం ఉంటారు కాబట్టి లోపలికి తొంగిచూడటం మర్యాద కాదు. గంటన్నరలో ఊరు చూడటం అయిపోతుంది. ఆ తర్వాత పిల్లలు గొడవ చేస్తే 2016లో తెరిచిన వేడినీళ్ల కొలనుల కాంప్లెక్స్ ఊళ్లోనే ఉంది.

తిండి సంగతి రెండు ఊళ్లకీ ఒకటే. గొర్రెపాలతో చేసి పొగబెట్టే ఒస్త్సిపెక్ జున్ను ఇక్కడి ప్రత్యేకం. యూరోపియన్ యూనియన్ 2008లో దానికి మన జీఐ (భౌగోళిక గుర్తింపు) లాంటి రక్షణ ఇచ్చింది. కనీసం 60 శాతం గొర్రెపాలు ఉండాలి, 17 నుంచి 23 సెంటీమీటర్ల పొడవుండాలి. గొర్రెలు పాలిచ్చేది వేసవి నెలల్లోనే. కాబట్టి జనవరిలో బజార్లో "తాజా ఒస్త్సిపెక్" అంటే నమ్మకండి, అది ఆవుపాలదే అయ్యుంటుంది. కొనేదేదో మే తర్వాత, గొర్రెలకాపరుల పెద్ద బత్సా తన గుడిసె దగ్గర పొగబెడుతుంటే అక్కడే కొనండి. పక్కా శాకాహారులకి ఒక మాట: పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు. క్వాష్నిత్సా అనే పుల్లటి క్యాబేజీ సూప్‌లో మాంసం ఉంటుంది. బంగాళాదుంపలతో చేసే మొస్కోలే రొట్టెలతో సరిపెట్టుకోవచ్చు.

నన్నడిగితే, మొదటిసారి వెళ్తూ ఒక్కరోజే ఉంటే జకోపానే. కేబుల్ కార్ ఎక్కకుండా వచ్చామన్న బాధ తర్వాత పీకుతుంది. రెండు రోజులుంటే మాత్రం మొదటిరోజు నేరుగా హొహోవూఫ్ వెళ్లి, పొద్దున ఇళ్లూ మ్యూజియమూ, మధ్యాహ్నం వేడినీళ్లూ చూసుకుని రాత్రికి జకోపానే చేరండి. మర్నాడు మొదటి కేబుల్ కార్‌కి ఆన్‌లైన్‌లో ముందే టికెట్ తీసుకోండి. అక్కడికెళ్లి క్యూలో నిలబడితే సగం రోజు పోతుంది.