ఎల్డెన్ రింగ్: పదో తరగతి పిల్లాడి చేతికి ఇవ్వొచ్చా?

అనంతపురంలో మా ఇంట్లో ఎల్డెన్ రింగ్ అనే ఈ కత్తియుద్ధాల వీడియో గేమ్ రెండేళ్లకు పైగా నడుస్తోంది. మొదట నేను ఆడాను, తర్వాత మా అక్క కొడుకు పట్టుకున్నాడు. అప్పటికి వాడికి పద్నాలుగు. నావి రెండు వందల గంటలు దాటాయి, వాడివి ఎన్నో వాడు చెప్పడు గానీ స్టీమ్ (కంప్యూటర్‌లో గేములు కొని ఆడే యాప్) చెప్పేస్తుంది. తెలిసినవాళ్లు "మావాడు అడుగుతున్నాడు, కొనియ్యొచ్చా?" అంటుంటారు, వెంటనే "రక్తం ఎక్కువంట కదా" అని వాళ్లే అంటారు. రక్తం ఉంది. కానీ మా ఇంట్లో గొడవ తెచ్చింది అది కాదు.

అసలు గొడవ కోపం. ఈ గేమ్‌లో ఈజీ మోడ్ అనేది లేదు. చచ్చిపోతే చేతిలో ఉన్న రూన్లన్నీ (డబ్బూ అవే, లెవెల్ పెంచుకునేదీ వాటితోనే) చచ్చినచోటే పడిపోతాయి, మళ్లీ అక్కడికి వెళ్లి తెచ్చుకోవాలి, దారిలో ఇంకోసారి చచ్చామా ఇక అంతే, గోవిందా. మొదటి పెద్ద కోట గుమ్మంలో మార్గిట్ అని ఒకడు కర్ర పట్టుకుని నిలబడి ఉంటాడు. వాడు కర్ర పైకెత్తి కొట్టకుండా ఒక్క క్షణం ఆగుతాడు చూడండి, మనం తొందరపడి పక్కకు దొర్లేదాకా ఆగి అప్పుడు కొడతాడు. మావాడు నాలుగు రోజులు వాడి చేతిలోనే చచ్చాడు. మే నెల, పైన ఫ్యాన్ వడగాలి చిమ్ముతోంది, ఐదో రోజు కంట్రోలర్ గోడకు తగిలింది. ఎడమ స్టిక్ విరిగింది. అక్క నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

అప్పుడు వాణ్ణి తిట్టకుండా పక్కన కూర్చుని ఒకటే చెప్పాను, ఈ గేమ్‌లో గెలవలేకపోతే వెనక్కి పోవడం తప్పు కాదురా, దక్షిణంగా వీపింగ్ పెనిన్సులా ఉంది, గుర్రమెక్కి అటు పో, లెవెల్ పెంచుకుని రా అని. వీడికేమో అది ఓడిపోయినట్టు అనిపించింది. రెండు రోజులు మొండికేసి చివరికి వెళ్లాడు.

అక్కడ వంతెన దాటగానే ఐరీనా అనే చూపులేని అమ్మాయి కూర్చుని ఉంటుంది. మోర్న్ కోటలో ఉన్న వాళ్ల నాన్నకు ఒక ఉత్తరం ఇచ్చిరమ్మంటుంది. ఇస్తాం, కోట పని ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆమె చచ్చిపడి ఉంటుంది, ఆ తండ్రి పక్కనే కూలబడి ఉంటాడు. మావాడు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మామా, నేను తొందరగా వచ్చింటే బతికుండేదా?" అన్నాడు. లేదురా, కథే అంత అన్నాను. ఆ రాత్రి ఇంకేం ఆడలేదు. నరుకుడు సీన్లన్నీ కలిపినా వాడి మీద పడనంత బరువు ఈ ఒక్క చిన్న కథ వేసింది. పిల్లల్ని ఇలాంటిది తాకకూడదని నేను అనుకోను, కానీ పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఇక అందరూ భయపడే భాగం. మార్గిట్ కాపలా ఉన్న ఆ మొదటి కోట ఏలిక గాడ్రిక్ ఇతరుల చేతులు, కాళ్లు తెచ్చి ఒంటికి అతికించుకున్నవాడు. పోరు మధ్యలో తన చెయ్యి తనే నరుక్కుని అక్కడ చచ్చిన డ్రాగన్ తల తగిలించుకుంటాడు. జుగుప్సే, కాదనను. సెట్టింగ్స్‌లో రక్తం తగ్గించుకోవచ్చు, పూర్తిగా తీసేయొచ్చు కూడా, కానీ ఆ అతుకుల ఒళ్లు ఎక్కడికి పోతుంది? తర్వాత ఒక పాత భవనంలో మనిషి చేతుల్లాంటి జీవులు, వేళ్లతో సాలీడులా పాకుతూ వస్తాయి. అవి చూసి నేనే కుర్చీ వెనక్కి జరిపాను, మావాడు పడీపడీ నవ్వాడు. శృంగారం విషయానికొస్తే దాదాపు ఏమీ లేదు, ఒకావిడ కౌగిలించుకుంటుంది, దాని ఫలితంగా మన ప్రాణం కొలత కాస్త తగ్గుతుంది, అంతే. ద విచర్ 3 అనే ఇంకో గేమ్‌తో పోలిస్తే ఇది చాలా నయం, అది మాత్రం ఇంట్లో పిల్లలుండగా నేను పెట్టను.

ఇంకో చిరాకు, పాజ్ లేదు. అక్క వంటింట్లోంచి "రేయ్, సంగటి సల్లారిపోతాంది" అని కేక, వీడు "వస్తాండామ్మా" అంటాడు, అరగంటకీ రాడు. మెనూలో హెల్ప్ నొక్కి 'మెనూ ఎక్స్‌ప్లనేషన్' తెరిస్తే మాత్రం ఆట ఆగుతుంది, ఆ కిటుకు తెలిశాక వాడి సాకు ఒకటి తగ్గింది. క్విట్ కొట్టినా ఉన్నచోటు దాదాపు అలాగే ఉంటుంది, బాస్ (మార్గిట్ లాంటి పెద్ద శత్రువు) ముందు ఉంటే మాత్రం మళ్లీ మొదటినుంచి. మా వీధిలో కరెంటు ఎన్నోసార్లు పోయింది, సేవ్ ఒక్కసారీ పోలేదు.

ఆన్‌లైన్ గురించి అనవసరంగా టెన్షన్ పడక్కర్లేదు. నేల మీద ఇతరులు వదిలే సందేశాలు గేమ్ ఇచ్చిన మాటల్లోంచి ఏరి కూర్చినవే, సొంతంగా బూతు టైప్ చేయలేరు. ఆ మాటలతోనే ద్వంద్వార్థాలు పుట్టిస్తారనుకోండి, తొమ్మిదో క్లాసు పిల్లలకు అవి మనకన్నా ముందే అర్థమవుతాయి. లోపల వాయిస్ చాట్ లేదు. డబ్బులు పెట్టి కొనుక్కునే దుకాణమూ లేదు, ఇదొక్కటి చాలు నాకు, ఫోన్ గేముల్లో నాన్నల యూపీఐ ఖాళీ చేసిన పిల్లల్ని చూశాను. కావాలంటే సిస్టమ్‌లో నెట్‌వర్క్ దగ్గర ఆఫ్‌లైన్ పెట్టేయండి.

పెట్టె మీద యూరప్ వాళ్ల పెగి వయసు రేటింగ్ 16, అమెరికా వాళ్లు పదిహేడు దాటాక అంటారు. నేను పద్నాలుగుకే ఇచ్చాను, ఒక ఏడాది తొందరపడ్డాననే అనుకుంటాను, బొమ్మల వల్ల కాదు, ఆ విరిగిన స్టిక్ వల్ల. క్యారమ్స్‌లో ఓడితే బోర్డు తిప్పేసే పిల్లాడైతే పదహారుకీ వద్దు. ఓడి మళ్లీ కాయిన్స్ సర్దుకునేవాడైతే పదిహేనుకు ఇవ్వొచ్చు, మొదటి నెల పక్కన కూర్చునే ఓపిక మీకుంటే.

మావాడు పదో తరగతిలో ఉండగా జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా కంట్రోలర్ మా బీరువాలో ఉంది. తాళం అక్క దగ్గర. పరీక్షలైన సాయంత్రమే మార్గిట్ దగ్గరికి కొత్త క్యారెక్టర్‌తో వెళ్లి, రెండోసారికే పడగొట్టి, నాకు ఫోన్ చేశాడు.