బాలిలో పగటిపూట తోలుబొమ్మలాట

బాలికి బయల్దేరేటప్పుడు నాకు ఒకటే కోరిక. అక్కడివాళ్ళు తమ కోసం ఆడుకునే ఆట ఒక్కటైనా చూడాలి. మాది ధర్మవరం పక్క పల్లె. నిమ్మలకుంట నుంచి వచ్చే తోలుబొమ్మలాటను చిన్నప్పుడు జేజి ఒళ్ళో పడుకుని చూసేవాణ్ణి. బాలిలోనూ తోలుబొమ్మలున్నాయని, దాన్ని వాయాంగ్ కులిత్ అంటారని, వాళ్ళూ రామాయణ భారతాలే ఆడతారని తెలిసినప్పటి నుంచి మనసు అటే లాగింది.

అనంతపురం వాళ్ళకు ప్రయాణం సులువే. బెంగళూరు విమానాశ్రయం మన హైవే వైపే ఉంది కాబట్టి సిటీలోకి పోనక్కర్లేదు. అక్కడి నుంచి బాలిలోని డెన్‌పసార్‌కు నేరుగా విమానం దొరికింది. దిగాక వీసాకు 5,00,000 రుపియా, టూరిస్టు రుసుము 1,50,000 రుపియా అయ్యాయి. లక్ష రుపియా అంటే మనకు ఐదారు వందల రూపాయలు.

మొదటి రెండు రాత్రులు సముద్రం దగ్గర ఒక రిసార్టులో ఉన్నాం. గది బాగుంది. వాళ్ళ ‘కల్చరల్ నైట్’ మాత్రం నన్ను బాధపెట్టింది. జనం ప్లేట్లు పట్టుకుని తిరుగుతుంటే నాట్యం చేసే అమ్మాయిల వైపు చూసేవాడే లేడు. దానికి పెట్టిన డబ్బు దండగ.

ఉలువాటు గుడి దగ్గర కెచాక్ అనే రామాయణ నాట్యం చూశాక మనసు కుదుటపడింది. టికెట్ 1,50,000 రుపియా. వాయిద్యం ఒక్కటీ లేదు. పదుల మంది మగవాళ్ళు గుండ్రంగా కూర్చుని ‘చక్ చక్’ అంటూ నోటితోనే తాళం వేస్తారు. వెనక సముద్రంలో పొద్దు గుంకుతుంటే మధ్యలో హనుమంతుడు మంటల్లోంచి దూకుతాడు. పాత పూజా సంప్రదాయంలోని బృందగానాన్ని తీసుకుని 1930ల్లో విదేశీయుల కోసం మలిచిన ప్రదర్శన ఇది. ఆ సంగతి తెలిసే వెళ్ళాను, అయినా ఒళ్ళు జలదరించింది. గంట ముందే చేరుకోండి. కళ్ళజోడు జేబులో పెట్టుకోండి, కోతులు లాక్కుపోతాయి.

తర్వాత ఉబుద్‌లో ఒక కుటుంబం నడిపే హోమ్‌స్టేలో దిగాం. వేడినీళ్ళు సరిగా రాలేదు. అయినా ఈ యాత్రలో నేను మనసారా మెచ్చుకునే బస అదే. ఆ ఇంటి పెద్దావిడను మేమూ ‘ఇబు’ అనే పిలిచాం, మన ‘అమ్మ’లాంటి మాట. ఆమె చెబితే రాత్రి ఒక వాయాంగ్ ఆటకు వెళ్ళాం. బొమ్మలాడించే దలాంగ్ ఒక్కడే అన్ని గొంతులూ పలికాడు. కాలివేళ్ళ మధ్య చెక్క సుత్తి పట్టుకుని పెట్టె మీద కొడుతుంటే, యుద్ధం వచ్చినప్పుడు మనవాళ్ళు బల్లలు తొక్కే చప్పుడే వినిపించింది. మన బొమ్మలు మనిషెత్తు, వెలుగు పడితే రంగులు తెర మీద పారతాయి. వాళ్ళవి చిన్నవి, నీడ నల్లగా పడుతుంది. త్వాలెన్ అనే హాస్యగాడు రాగానే మన జుట్టుపోలిగాడే వచ్చాడనిపించింది. వీలైతే లేచి తెర వెనక్కి కూడా వెళ్ళి చూడండి.

అసలు ఆట మర్నాడు దొరికింది. ఊరి గుడిలో ఒడలాన్ ఉందని ఇబు చెప్పింది. 210 రోజులకోసారి వచ్చే గుడి పండగ అది. తన సరోంగు (లుంగీలా చుట్టుకునే బట్ట), నడుముకు గుడ్డ ఇచ్చి తీసుకెళ్ళింది. పట్టపగలు, తెర లేదు, దీపం లేదు. రెండు కొమ్మల మధ్య నూలు దారం కట్టి దాని ముందు బొమ్మలాడిస్తున్నారు. వాయాంగ్ లెమా అంటారట. మంత్రాలు చదివేవాళ్ళు చదువుతున్నారు, ఆడవాళ్ళు నైవేద్యాలు సర్దుతున్నారు. ఆట కేసి ఎవరూ చూడట్లేదు. “ఇది దేవుళ్ళ కోసం” అంది ఇబు. వానలు రాని ఏడాది విరాటపర్వం ఆడించాలని జేజి ఊరంతా తిరిగి చందా పోగుచేయడం గుర్తొచ్చి నాకు కన్నీళ్ళాగలేదు. ఫోన్ తీయబుద్ధి కాలేదు. టికెట్ లేదు, హుండీలో కొంత వేసి వచ్చాను.

కాబట్టి బస ఎంచుకునేటప్పుడు ఈతకొలను ఉందా అని కాక, ఆ ఇంటివాళ్ళు అక్కడే ఉంటారా అని అడగండి.

తిరిగొచ్చిన వారానికి నిమ్మలకుంట వెళ్ళాను. నేను చూసిన ఇంట్లో తోలు దీపపు బుట్టలు ఆరేసి ఉన్నాయి. ఆట బొమ్మలు పెట్టెలో ఉన్నాయి. పెద్దాయన రావణుణ్ణి తీసి వాకిలి వెలుతురుకు పట్టి చూపించాడు. “పిలిస్తే ఆడతాం నాయనా, పిలిచేవాళ్ళేరీ?” అన్నాడు. ముంగారుకు ముందు మా ఊరి రచ్చకట్ట దగ్గర విరాటపర్వం ఆడేందుకు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. చూడాలనుకునేవాళ్ళు రండి, దుప్పటి తెచ్చుకోండి. ఆట తెల్లారేదాకా సాగుతుంది.