కళింగపట్నం రోడ్డులో కొత్త చేపల హోటల్: పులుసుకి వందకి వంద, బిల్లుకి సున్నా

కళింగపట్నం వెళ్ళే దారిలో కొత్తగా చేపల హోటల్ పెట్టారని మా బావమరిది చెప్తే మొన్న మే నెలలో వెళ్ళాం. పేరు రాయట్లేదు, కానీ ఆ రూట్లో వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా, కాటా మీద పెట్టి చూపించని చేపని ఆర్డర్ చెయ్యకండి. ఈమధ్య కాలంలో నేను తిన్న బెస్ట్ నెత్తళ్ల (సముద్రంలో దొరికే చిన్న చేపలు) పులుసు అక్కడే తిన్నాను, అక్కడే ఒక్క పండుగప్ప చేపకి 1,450 వేశారు. రెండూ ఒకే వంటింట్లోంచి వచ్చాయి, అదే నా బాధ.

మాది విజయనగరం. నేను, మా ఆవిడ, అత్తయ్య, బావమరిది, మా బాబు కార్లో బయల్దేరాం. శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఏసీ రూమ్ 1,400, నీట్‌గా ఉంది. అరసవిల్లి సూర్యదేవుడి దర్శనం శనివారం చేసేసుకున్నాం, ఆదివారమైతే జనం ఎక్కువ, పైగా దర్శనం చేసుకున్న రోజు మా అత్తయ్య నీచు ముట్టరు, ఇంకెవర్నీ ముట్టనివ్వరు కూడా. మర్నాడు పొద్దున్నే శ్రీకూర్మం గుడి, అక్కడ స్వామి పడమర వైపు చూస్తాడు, రెండు ధ్వజస్తంభాలు, ప్రాంగణంలో తాబేళ్లు, మా బాబు వాటిని వదిలి రానన్నాడు. తర్వాత శాలిహుండం కొండ. బౌద్ధ స్తూపాలు, కింద వంశధార, చాలా బావుంటుంది కానీ మేలో పదకొండింటికి మాత్రం ఎక్కకండి, మా ఆవిడ సగంలోనే ఆగిపోయి గొడుగు కింద కూర్చుంది. అందరం ఆకలి మీద, చిరాకు మీద ఉన్నాం, అలా హోటల్‌కి చేరాం.

తాటాకు పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ ఫ్యాన్లు, బయట పెద్ద ఫ్లెక్సీ మీద "సముద్రం నుంచి నేరుగా మీ ప్లేట్‌లోకి" అని. లోపలికి వెళ్ళగానే ఐసు మీద చేపలు పరిచి ఉన్నాయి, వంజరం, చందువ, పండుగప్ప, టైగర్ రొయ్యలు. దేనికీ రేటు రాసి లేదు. సర్వర్ కుర్రాడు వంజరం చూపించి ఈరోజు పొద్దున్న బోటు మీద వచ్చిందండి అన్నాడు.

మా అత్తయ్యది బారువ వైపు, చేపలు చూస్తూ పెరిగిన మనిషి. "ఏ బోటు బాబూ, వేట ఆపేసి నెల అవుతోంది కదా" అన్నారు. ఇది చాలామందికి గుర్తుండదు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, ఇంజన్ బోట్లు వేటకి వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే టైం అది. ఆ రెండు నెలలు పూట గడవడానికనే మత్స్యకార కుటుంబాలకి ప్రభుత్వం డబ్బులిచ్చేది, 2025లో దాన్ని 20 వేలు చేశారు. ఇంజన్ లేని నాటు పడవలకి నిషేధం లేదు కాబట్టి ఒడ్డు దగ్గర దొరికే చిన్న చేపలు వస్తూనే ఉంటాయి. ఆ కుర్రాడు నాటు పడవే అమ్మా అని మాట మార్చాడు. అత్తయ్య మొప్ప ఎత్తి చూశారు, ఎరుపు లేదు, గోధుమ రంగులోకి తిరిగిపోయింది, కన్ను లోపలికి దిగిపోయింది. "ఇది ఐసులో ఎన్నాళ్ళు పడుకుందో, నాకొద్దు" అని వెళ్ళి కూర్చున్నారు, ఆ తర్వాత చాలాసేపు ఆవిడ మాట్లాడలేదు. ఐసు చేప అమ్మడం తప్పేం కాదు, ఐసుదని చెప్పి అమ్మితే కొనేవాళ్ళు కొంటారు, పొద్దున్నే వచ్చిందని చెప్పడమే నాకు నచ్చలేదు.

పండుగప్ప చెరువుల్లో పెంచుతారు కాబట్టి వేట లేకపోయినా తాజాగానే దొరుకుతుంది, చూస్తే బాగానే ఉంది, మా బాబు పట్టుబట్టాడు, సరే ఒకటి ఫ్రై చెయ్యమన్నాం. రేటెంత అని అడిగాను. సైజుని బట్టి సార్ అన్నాడు. సైజెంత, తూకం వెయ్యండి అన్నాను. వేసి లోపలికి పంపిస్తాం సార్ అని చేతిలో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు, కాటా నాకు కనపడలేదు.

ముందు నెత్తళ్ల వేపుడు వచ్చింది, ప్లేటు 180. తలలు తీసి, పసుపు, ఉప్పు, కారం మాత్రమే పట్టించి కరకరలాడేలా వేయించారు, కలర్ లేదు, కార్న్‌ఫ్లోర్ లేదు. ఇంకో ప్లేటు చెప్పాం. తర్వాత మామిడికాయ వేసిన నెత్తళ్ల పులుసు, 200, మట్టి దాకలోనే తెచ్చి పెట్టారు. పులుపు అంతా మామిడికాయదే, చింతపండు వెయ్యలేదు, చేప ఒక్కటి కూడా చితకలేదు, పైన నూనె పలచగా తేలుతోంది. అత్తయ్య ఒక ముద్ద కలుపుకుని తిని, "ఓలమ్మా, ఎవరొండారిది" అని లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయారు. లోపల కట్టెల పొయ్యి దగ్గర పక్క పల్లెకి చెందిన ఒకావిడ వండుతోంది, నాటు పడవల వాళ్ళు పొద్దున్నే తెచ్చిచ్చే నెత్తళ్లు, కవళ్ళ లాంటి చిన్న చేపలే తను వండుతుందట, ఫ్రై సెక్షన్ వేరేవాళ్ళదట. గుమ్మం దగ్గరే చాలాసేపు మాట్లాడుకున్నారిద్దరూ. ఎండలో ఎక్కిన శాలిహుండం కోపం మా ఆవిడకి కూడా ఆ పులుసుతోనే పోయింది. రొయ్యల ఇగురు 280, మసాలా ఎక్కువై రొయ్య రుచే తెలీలేదు. అన్నం ప్లేటు 60, చాలా పెట్టారు.

పండుగప్ప వచ్చింది. పైన ఎర్ర మసాలా మందంగా, లోపల ఉప్పు పట్టలేదు. అత్తయ్య చూసి ముప్పావు కిలో దాటదు అన్నారు. బిల్లులో దానికి 1,450. మేం విజయనగరం మార్కెట్లో కిలో అయిదొందలకి అటూఇటూ కొంటాం, వంట, మనుషులు, అద్దె అన్నీ కలుపుకోమనండి, నాకు అభ్యంతరం లేదు, కానీ ఎన్ని గ్రాములకి ఎంత అనేది రాయాలి కదా. మొత్తం 2,570, దానిమీద జీఎస్టీ 5 శాతం కలిపి 2,699. తెల్లకాగితం బిల్లు, జీఎస్టీ నంబరే లేదు.

కౌంటర్ దగ్గర కూర్చున్నాయన్ని చేప తూకం ఎంత అని అడిగితే కిలో పైనే ఉంటుందండి అన్నాడు. ఉంటుంది ఏంటి, వేశారా లేదా అన్నాను. జీఎస్టీ నంబర్ ఏదని అడిగాను. మా బావమరిది గొంతు పెంచాడు, పక్క టేబుల్ వాళ్ళు కూడా మాకూ వెయ్యలేదని లేచారు. వెంటనే చేపకి 200 తగ్గించి, ట్యాక్స్ కొట్టేసి 2,370 ఇవ్వండి అన్నాడు. నాకు అప్పుడే ఎక్కువ కోపం వచ్చింది. అడిగితే 200 పోయిందంటే ఆ చేపకి అసలు రేటే లేదు, మనిషిని చూసి వేస్తున్నారు. అడగని వాళ్ళు మొత్తం కట్టి వెళ్ళిపోతున్నారు, కొత్తగా పెట్టిన హోటల్‌కి ఇది ఎంత కాలం నడుస్తుంది? లోపల అంత బాగా వండే మనిషిని పెట్టుకుని బయట ఈ పని చేస్తున్నారు.

అక్కణ్ణుంచి కళింగపట్నం బీచ్. లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు, సాయంత్రం గాలి బావుంది, నీళ్ళలోకి మాత్రం పిల్లల్ని దింపకండి, అలల లాగుడు ఎక్కువ.

వెళ్తారా అంటే వెళ్ళండి, నేనూ మళ్ళీ వెళ్తాను, పులుసు కోసం. నెత్తళ్ల వేపుడు, పులుసు, అన్నం మాత్రం చెప్పండి, ఇద్దరికి 500తో అయిపోతుంది. పెద్ద చేప తినాలని ఉంటే జూన్ 14 దాటాక వెళ్ళండి, అప్పుడు కూడా మొప్ప చూసి, మీ కళ్ళ ముందు తూకం వేయించి, రేటు కాగితం మీద రాయించుకున్నాకే లోపలికి పంపించండి. పులుసు రెండింటికల్లా అయిపోతుందని వంటావిడే చెప్పింది, పన్నెండున్నరకల్లా చేరుకోండి. మేం వెళ్ళినప్పుడు ఫోన్‌పే పనిచెయ్యలేదు, క్యాష్ పట్టుకెళ్ళండి.