సొంత కుంపటా, భాగస్వామ్యమా, పెద్ద సంస్థ నీడా? కన్సల్టింగ్‌లోకి దిగే ఇంజనీరుకు ఏది మేలు

1969 జూన్ 23న ఐబీఎమ్ ఒక ప్రకటన చేసింది. ఇకమీదట సాఫ్ట్‌వేర్‌కీ, ఇంజనీర్ల సేవలకీ యంత్రం ధరలో కలపకుండా విడిగా వెల కడతామన్నది దాని సారాంశం. అప్పటిదాకా కంప్యూటరు తీసుకున్నవాళ్లకు ప్రోగ్రాములు ఊరికే వచ్చేవి. అలాంటి కాలంలోనే కొందరు ఇంజనీర్లు ఉద్యోగాలు వదిలి, ఊరికే దొరికేదాన్ని డబ్బుకు అమ్మడానికి బయల్దేరారు. వాళ్లలో మూడు రకాల దారులు కనిపిస్తాయి. ఇవాళ పది పదిహేనేళ్ల అనుభవంతో సొంతంగా కన్సల్టింగ్ పెట్టాలా వద్దా అని తర్జనభర్జన పడే మన ఇంజనీరు ముందున్నవీ దాదాపు అవే.

ఈ దారులను పోల్చేటప్పుడు ఎవరికి ఎంత కంప్యూటర్ పరిజ్ఞానం ఉందో చూసి లాభం లేదు, అందరూ ఉద్దండులే. పని మొదలైన రోజుకీ బిల్లు డబ్బు చేతికొచ్చే రోజుకీ మధ్య ఖర్చు ఎవరు మోశారన్నదే నేను చూస్తాను.

మొదట భాగస్వాముల దారి. ఎల్మర్ క్యూబీ, జాన్ షెల్డన్ ఇద్దరూ ఐబీఎమ్‌లో పనిచేసినవాళ్లే. 1955లో న్యూయార్క్‌లో కంప్యూటర్ యూసేజ్ కంపెనీ పెట్టారు. సొంత యంత్రం లేకుండా ప్రోగ్రాములు రాసి అమ్మిన తొలి కంపెనీగా చరిత్రకారులు చెప్పేది దీన్నే. చేతిలో ఉన్నది సుమారు 40,000 డాలర్లు. తొలి పని కాలిఫోర్నియా చమురు పరిశోధన సంస్థది: భూమిలో చమురు ఎలా ప్రవహిస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాము. మొదట్లో ఆఫీసు కూడా ఇళ్లలోనే. పెట్టుబడి ఉంది కాబట్టి జీతానికి మనుషులను పెట్టుకోగలిగారు, బిల్లు వచ్చేదాకా ఓపిక పట్టగలిగారు. 1960లో వాటాలు జనానికి అమ్మారు, 1967 నాటికి సుమారు 700 మంది ఉద్యోగులయ్యారు. 1986లో దివాలా తీశారు. 700 మందికి నెల తిరిగేసరికి జీతాలివ్వాల్సిన కన్సల్టింగ్ కంపెనీకి అమ్ముకోవడానికి గోదాములో సరుకంటూ ఏమీ ఉండదు. ఖాళీగా కూర్చున్న మనిషి గంట ఆ సాయంత్రానికే చెల్లిపోతుంది. మన ఐటీ వాళ్లకు బెంచ్ అంటే, అంటే ప్రాజెక్టు లేక జీతం మీద ఖాళీగా కూర్చోవడం అంటే, ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

రెండో దారి స్టీవ్ షెర్లీది. నాకు ఎక్కువ చెప్పాలనిపించేది కూడా ఈమె గురించే. 1933లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల నుంచి పిల్లలను తప్పించిన రైళ్లలో 1939లో ఇంగ్లండు చేరారు. అప్పటికి ఐదేళ్లు. 18 ఏళ్లకు లండన్‌లోని డాలిస్ హిల్ పోస్టాఫీసు పరిశోధనా కేంద్రంలో ఉద్యోగం. కంప్యూటర్లను ఒక్కో భాగం పెట్టి కట్టడం, మెషీన్ కోడ్ (కంప్యూటరుకు నేరుగా అర్థమయ్యే ఆదేశాలు) రాయడం అక్కడే నేర్చుకున్నారు. పగలు పని, సాయంత్రం తరగతులు. అలా ఆరేళ్లకు గణితంలో డిగ్రీ చేతికొచ్చింది. 1959లో ఒక కంప్యూటర్ డిజైన్ సంస్థకు మారారు. ఆడవాళ్లకు అక్కడ కూడా పైమెట్టు దొరకదని తేలాక 1962లో ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్ పెట్టారు. పెట్టుబడి ఆరు పౌండ్లు. ఆఫీసు భోజనాల బల్ల. ఆ తర్వాత ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు.

అసలు పేరుతో రాసిన ఉత్తరాలకు జవాబు రాకపోతే "స్టీవ్" అని మగపేరుతో సంతకం పెట్టడం మొదలెట్టారు, అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. ఈ కథ చాలామందికి తెలుసు. దానికంటే నాకు గొప్పగా కనిపించేది ఆమె ధర చెప్పిన పద్ధతి. ఆమె దగ్గర పనిచేసేవాళ్లు పెళ్లయి, పిల్లలు పుట్టి ఉద్యోగాలు మానుకున్న ప్రోగ్రామర్లు. తొలి 300 మందిలో మగవాళ్లు ముగ్గురే. అందరూ ఇళ్లలోంచి, వీలున్న గంటల్లో పనిచేసేవాళ్లు. క్లయింట్లకు ఈ సంగతి తెలిస్తే పని ఇవ్వరు. పిల్లల గోల వినపడకుండా ఫోన్ దగ్గర టైపు చప్పుడు టేపు వేసేవారట! కానీ టేపు ఎంతసేపని కాపాడుతుంది? ఆమె పనిని గుత్తకు ఒప్పుకున్నారు. ఇంత పనికి ఇంత, ఫలానా తేదీకి ఇస్తాం, అంతే. గంటల లెక్కన డబ్బిచ్చేవాడు పొద్దున పదింటికి ఎవరు ఏం చేస్తున్నారని అడుగుతాడు. గుత్తకిచ్చినవాడు తేదీ మాత్రమే అడుగుతాడు.

పొలంలో కలుపు తీసే ముఠా ఎకరానికి ఇంతని ఒప్పుకున్నట్టే ఇదీ. ముందు పొలం చూడకుండా రేటు చెబితే చేతి చమురు వదులుతుంది. అందుకే ఆమె కంపెనీ పని పద్ధతుల మీద అంత పట్టుదల చూపింది. ప్రతి పనికీ ఫ్లోచార్టు, కాగితం మీద కోడ్, పోస్టులో డేటా సెంటరుకు, అక్కడ టేపు మీదో కార్డు మీదో పంచ్ చేసి (రంధ్రాలు పొడిచి), తప్పులు పట్టుకోవడానికి మళ్లీ పంచ్ చేయడం. అప్పటికింకా కంప్యూటరు ముట్టుకున్నదే లేదు. ఇంత రాతపని ఉంటేనే ఒక ఇంట్లో ఆగిన పనిని ఇంకో ఇంట్లో అందుకోగలరు, ఎన్ని గంటలు పడుతుందో ముందే చెప్పగలరు. సరుకు రైళ్ల వేళలు, బస్సుల టైమ్‌టేబుళ్లు, స్టాకు లెక్కలు, కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్ అన్నీ ఆ పద్ధతిలోనే చేశారు. కంపెనీలో వాటా ఉద్యోగులకు పంచారు. 1996లో స్టాక్ మార్కెట్టుకు వచ్చాక వాళ్లలో 70 మంది మిలియనీర్లయ్యారు, పౌండ్లలో సుమా.

మూడోది ఫకీర్ చంద్ కోహ్లీ దారి. 1924లో పెషావర్‌లో పుట్టారు. కెనడాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, ఎంఐటీలో మాస్టర్స్ చేసి 1951లో టాటా ఎలక్ట్రిక్‌లో చేరారు. ఏ విద్యుత్కేంద్రం ఎంత ఇవ్వాలి, ఏ లైను ఎంత మోయాలి అన్న లెక్కల కోసం కంప్యూటర్ వైపు వచ్చిన మనిషి. 1968లో మొదలైన టీసీఎస్ పగ్గాలు మరుసటి ఏడాది ఆయనకు అప్పజెప్పారు. కరెంటు పని వదిలి రావడానికి ఆయన మొదట అంత సుముఖంగా లేరు.

ఆనాటి భారతదేశంలో షెర్లీ దారి పట్టడం దాదాపు అసాధ్యం. కంప్యూటర్ దిగుమతికి అనుమతి కావాలి, సుంకం తడిసి మోపెడు, విదేశీ మారకం కోసం ప్రభుత్వానికి ఎగుమతుల హామీ ఇవ్వాలి. ఈ బరువును ఒంటరి ఇంజనీరు ఎత్తలేడు. టాటా స్టీల్ పంచ్ కార్డుల పనీ, బ్యాంకుల శాఖల మధ్య లెక్కలు సరిచూసే పనీ టీసీఎస్‌ను తొలి రోజుల్లో నిలబెట్టాయి. 1974లో కంప్యూటర్లు తయారుచేసే అమెరికన్ బరోస్ కంపెనీ ఆసుపత్రి లెక్కల ప్యాకేజీని తన ఒక రకం యంత్రం నుంచి ఇంకో రకానికి మార్చిపెట్టమంది. కోహ్లీ మనుషుల దగ్గరున్నది బరోస్ యంత్రం కాదు, ఐసీఎల్ 1903 అనే బ్రిటిష్ కంప్యూటరు. దాని మీదే కోడ్ మార్చే సాధనం రాసుకుని పని ముగించారు. మన ఎగుమతుల పరిశ్రమకు నాంది ఇలాంటి పనులే.

కోహ్లీ చివరిదాకా ఉద్యోగిగానే ఉన్నారు, కంపెనీ టాటాలది. సొంత ఆస్తి కావాలనుకునేవాళ్లకు ఈ దారి చేదు. టీసీఎస్ తొలి బృందంలోని లలిత్ కనోడియా బయటికొచ్చి 1975లో డేటామాటిక్స్ పెట్టుకున్నారు. అయితే నీడన ఉన్నందుకు దక్కే స్వేచ్ఛ ఇంకో రకం. 1996లో పదవి దిగాక కోహ్లీ వయోజనులకు చదువు నేర్పే కంప్యూటర్ పాఠాల మీద పడ్డారు. 2000లో తొలి ప్రయోగం మన మెదక్ జిల్లాలో, తెలుగులోనే జరిగింది. పాత కంప్యూటర్లతో, సుమారు 40 గంటల పాఠాలతో పేపరు చదివే స్థాయికి తేవడం లక్ష్యం. లాభం రాని ఇలాంటి పనిని ఆరు పౌండ్ల కంపెనీ తలకెత్తుకోలేదు.

ఇన్ఫోసిస్ పదివేల రూపాయల కథ అందరికీ కంఠతా వచ్చు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. క్యూబీ, షెల్డన్‌ల పద్ధతికి అది దగ్గరి చుట్టం.

మరి ఇప్పుడు ఏది మేలు? కోహ్లీ దారికున్న అతిపెద్ద కారణం ఇవాళ లేదు. యంత్రానికి లైసెన్సు అక్కర్లేదు, గంటల లెక్కన క్లౌడ్‌లో అద్దెకు దొరుకుతుంది. మిగిలిన చిక్కల్లా బిల్లుకీ డబ్బుకీ మధ్య ఉన్న అగాధం. మన దేశంలో జీఎస్టీ నమోదున్నవాళ్లు ఇన్వాయిస్ వేస్తే, క్లయింటు డబ్బులిచ్చినా ఇవ్వకపోయినా మామూలుగా వచ్చే నెలలో పన్ను కట్టాల్సిందే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం నమోదైన చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలంటుంది. ఉద్యం నమోదు (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) లేనివాళ్లకు ఆ మాట అడగడం కష్టం. పెద్ద క్లయింటును చట్టం చూపించి అడిగితే రేపు పనిస్తాడా అన్నది వేరే బాధ.

నా మొగ్గు షెర్లీ వైపే, కానీ ఒక షరతు మీద. ఒకటికి రెండుసార్లు చేసి, ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టుకున్న పనికే గుత్త ధర చెప్పాలి. కొత్త రకం పని వస్తే, ఎంత నామోషీగా అనిపించినా, గంటల లెక్కనే ఒప్పుకోవాలి. భాగస్వాములతో పెట్టేవాళ్లు 40,000 డాలర్ల స్థాయి నిల్వ లేకుండా జీతానికి మనిషిని తీసుకోకపోవడం మంచిది. ఇంటి రుణం నెత్తిన ఉండి, చేసే పని పెద్ద విద్యుత్ గ్రిడ్డో, బ్యాంకు కోర్ సిస్టమో అయితే, అలాంటి పనులు ఒంటరివాడికి ఎవరూ ఇవ్వరు కాబట్టి, పెద్ద సంస్థలోనే కన్సల్టింగ్ విభాగం చూసుకోవడం తెలివైన పని. అక్కడ ధర ఎలా కడతారో, క్లయింటు ఎక్కడ బిగుసుకుంటాడో సంస్థ ఖర్చుతో నేర్చుకోవచ్చు. చేరేటప్పుడు నియామక పత్రంలో ఉద్యోగం మానాక పాత క్లయింట్ల దగ్గరికి వెళ్లకూడదన్న నిబంధన ఎన్ని నెలలకు ఉందో మాత్రం చదివే సంతకం పెట్టండి.