లంబసింగి చలి, వంజంగి మబ్బులు

లంబసింగిలో హిమం కురుస్తుందని ఆశపడి వెళ్లేవారికి నిరాశ తప్పదు. అక్కడ కనిపించేది పొగమంచే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిని, ఉత్తరాది శీతగాలులు మన కొండల దాకా దిగివచ్చే డిసెంబరు, జనవరి నెలల్లోనే చూడాలి. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి స్తంభించిన రాత్రి, నేల తన వేడిని త్వరగా పోగొట్టుకోగా, చల్లబడి బరువెక్కిన గాలి వాలుల మీదుగా జారి లోయలో నిలిచిపోతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మబ్బు పట్టిందంటే ఆ చలి సగానికి సగం తగ్గిపోతుంది. అందుకే మేము వాతావరణ సూచన చూసుకున్నాకే, సంక్రాంతికి ముందు వారం, జనం పలచగా ఉండే మంగళవారం నాడు నర్సీపట్నం మీదుగా బయలుదేరాము. ఘాట్ రోడ్డును చీకటి పడకముందే దాటడం మంచిది, ఎందుకంటే పొగమంచు దిగాక పది అడుగుల ముందున్న మలుపు కూడా కనిపించదు.

మొదటి రాత్రి గుడారంలో బస చేయడం మా పొరపాటు. ఫొటోల్లో ఎంతో ముచ్చటగా కనిపించిన ఆ గుడారం లోపలి పైకప్పుకు మా ఊపిరి తేమే పట్టి, మూడు గంటల వేళకు చుక్కలు చుక్కలుగా ముఖాల మీద రాలసాగింది. ఇచ్చిన రగ్గులు పలచన. ఇంకొకటి అడిగితే విడిగా డబ్బు చెల్లించాలన్నారు. చివరికి నెగడు దగ్గర కూర్చుంటే ఛాతీ కాలుతోంది, వీపు గడ్డకడుతోంది. ఈ ఊరికి కొర్రబయలు అనే మరో పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. ఆ రాత్రి నాకు అందులో అతిశయోక్తి ఏమీ కనిపించలేదు.

అయితే తెల్లవారాక తాజంగి జలాశయం చూసి ఆ కోపమంతా మరిచిపోయాము. నీటి మీద నుంచి ఆవిరి సన్నటి దారాలుగా లేచి, ఎండ తగలగానే ఒక్కొక్కటిగా తెగిపోతూ ఉంటే గంటసేపు గట్టు మీదే నిలబడిపోయాము.

రెండో రాత్రికి చింతపల్లిలో ఒక సాదా గది తీసుకున్నాము. హంగులేమీ లేకపోయినా మందపాటి గోడలు, వేడినీళ్లు ఉన్నాయి. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఇటువంటి గదినే ఎంచుకోవాలి.

పాడేరు దగ్గరి వంజంగి వేరే అనుభవం. కొండ ఎక్కి చూస్తే మబ్బులు కాళ్ల కింద పరచుకుని ఉంటాయి. గాలి విసురు ఎక్కువే గానీ, లంబసింగి లోయలోలా ఎముకలు కొరికే చలి మాకు తగలలేదు. అందం కోసమైతే వంజంగికే నా ఓటు, చలి కోసమైతే లంబసింగికి. వంజంగికి వెళ్లేవారు టార్చిలైటు, పట్టున్న బూట్లు మరువకూడదు; తడిసిన మట్టి దారిలో రబ్బరు చెప్పులతో వచ్చిన మా తమ్ముడు దిగేటప్పుడు రెండుసార్లు జారిపడ్డాడు.